మీరు వెళ్ళిరండి

ఆదివారం పొద్దున్న టిఫిన్ల దగ్గర సినిమా మాట వచ్చిందంటే చాలు, మా ఇంట్లో మూడు పార్టీలు తయారవుతాయి. మావారిది ఒకటి. "నిర్మాత వందల కోట్లు పోశాడు. తన సరుకు, తన ధర. ఇష్టమున్నవాడు కొనుక్కుంటాడు, లేనివాడు మానుకుంటాడు. మధ్యలో ప్రభుత్వానికేం పని?" అంటారు. అత్తయ్యగారిది ప్రతిపక్షం. "అదేమిట్రా, ప్రభుత్వం అన్నాక ధరలు అదుపులో పెట్టద్దూ? రామారావు రెండు రూపాయలకి బియ్యం ఇవ్వలా?" అంటారావిడ. మా అబ్బాయిది మూడో పార్టీ. వాడు ఇడ్లీ మీంచి తలెత్తకుండానే "ఎందుకు నానమ్మా గొడవ, నెల తిరిగేసరికి ఫోన్లో వస్తుందిగా" అంటాడు.

నాకే పార్టీ లేదు. నా చేతిలో చట్నీ గరిటె ఉంది. అలమారలో పద్దుల పుస్తకం ఉంది.

ఈ మూడు అభిప్రాయాలూ మా ఇంట్లో పుట్టినవేం కావు లెండి. పేపర్లలో, టీవీ చర్చల్లో, రైల్లో ఎదుటి బెంచీవాళ్ళ దగ్గర, ఎక్కడ విన్నా ఇవే. విని విని నాకొక అనుమానం పట్టుకుంది. ముగ్గురూ ముగ్గురే గాని, ముగ్గురూ లెక్క ఒకచోటే తప్పుతున్నారు. అందరూ "టిక్కెట్టు ధర" అంటారు. టిక్కెట్టు, ఏకవచనం. మన ఇళ్ళల్లో ఒక్క టిక్కెట్టు ఎవరు కొంటారో మీరే చెప్పండి.

క్రితం సెలవుల్లో మేమంతా కలిసి వెళ్ళాం. అంతా అంటే అయిదుగురం. మేమిద్దరం, పిల్లలిద్దరు, అత్తయ్యగారు. పెద్ద హీరో సినిమా కూడా కాదు, ధర పెంచిన రోజులూ కావు. టిక్కెట్టు 250, దానిమీద నూటికి 18 చొప్పున పన్ను 45, వెరసి 295. హైదరాబాదులో మల్టీప్లెక్సులకి వెళ్ళే అలవాటున్నవాళ్ళకి ఈ 295 అన్నది మేనమామ పేరంత పరిచయం. అయిదుగురికి 1,475. మా అమ్మాయి ఫోన్లో సీట్లు పట్టింది. పట్టినందుకు టిక్కెట్టుకి 30 చొప్పున "సౌకర్యపు రుసుము", ఆ రుసుము మీద మళ్ళీ పన్ను, మొత్తం 177. వెరసి 1,652. ఇంకా గడప దాటలేదు సుమా! ఆటోకి రానూపోనూ 320. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ రెండు బకెట్లు 760. (బకెట్టు అన్నది వాళ్ళ మాటే. మనం బకెట్టంటే స్నానాలకి వాడతాం.) సమోసాలు, కూల్‌డ్రింకులు కలిపి 430. మొత్తం 3,162 రూపాయలు.

ఇంటికొచ్చి పద్దు రాస్తుంటే చెయ్యి ఆగింది. మా ఇంటి పాలు నెలకి 1,800. అంటే పొద్దున్నా సాయంత్రం కాఫీలు, పెరుగు, అత్తయ్యగారి రాత్రి పాలు, అన్నీ కలిపి నెలన్నర పైగా గడిచే డబ్బు మూడు గంటల్లో అయిపోయిందన్నమాట. మావారితో అంటే "ఎప్పుడో ఒకసారేగా" అన్నారు. నిజమే. ఆ ఎప్పుడో ఒకసారి అన్నదే ఏడాదికి ఆరుసార్ల నుంచి రెండుసార్లకి ఎప్పుడు దిగిందో ఆయన గమనించలేదు. పద్దుల పుస్తకం గమనించింది.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయిని ఓసారి అడిగాను, హాల్లో సినిమా చూసి ఎన్నాళ్ళయిందని. పెద్దపిల్ల కడుపులో ఉన్నప్పుడట. ఆ పెద్దపిల్ల ఇప్పుడు పదో తరగతి. నా చిరాకు ఎంత సుఖమైన చిరాకో ఆ మాటతో తెలిసింది. అయినా రాయక తప్పదు.

ముందు ఆ 177 రూపాయల సంగతి చూద్దాం. పూర్వం టిక్కెట్టు కౌంటరన్నది గోడకున్న కన్నం. అందులో చెయ్యి దూర్చి, గాజులు పగిలి, ఆడవాళ్ళ లైనులో పైట చిరిగి, చివరికి హౌస్‌ఫుల్లు బోర్డు చూసి, బయట బ్లాకులో రెట్టింపిచ్చి కొన్న రోజులు నాకు బాగా గుర్తున్నాయి. పాత రోజులన్నీ బంగారమని నేననను. ఇంట్లో కూచుని సీటు ఎంచుకోవడం హాయే. ఎవరు కాదంటారు? కాని ఆ హాయి ఎవరిది, డబ్బు ఎవరికి అన్నది కూడా అడగాలిగా. ఈ యాప్‌లవాళ్ళకి హాలుండదు, తెర ఉండదు, కుర్చీలు తుడిచే మనిషుండడు, సినిమా తియ్యరు, వెయ్యరు. ఉన్నదల్లా ఆ కన్నం. 2024 ఆగస్టులో పేటీఎంవారి సినిమా, వినోదాల టిక్కెట్ల వ్యాపారాన్ని జొమాటోవారు 2,048 కోట్లకి కొన్నారు. గోడలో కన్నానికి రెండువేల కోట్లు! వాళ్ళు వెర్రివాళ్ళు కారు. మన సాయంత్రాలు, మన పిల్లల సరదాలు, ఏ వారం ఏ సినిమాకి వెళతాం, ఎక్కడ కూచుంటాం, పక్కన ఏం తింటాం, ఈ ఆనవాళ్ళన్నీ ఆ కన్నంలోంచి కనిపిస్తాయి. వాళ్ళు కొన్నది ఆ చూపునీ, ఆ దారినీ.

ధర చెప్పే పద్ధతి ఇంకా గొప్పది. మొదటి పేజీలో 250. సీటెక్కాక పన్ను. పేరూ నంబరూ ఇచ్చాక రుసుము. డబ్బు కట్టేముందు ఏదో దానం అంటూ ఒక రూపాయో రెండో ముందే లెక్కలో కలిసి ఉంటుంది. వద్దనుకుంటే వెతికి తీసెయ్యాలి. రూపాయికి కక్కుర్తేమిటని మనకే సిగ్గేసి వదిలేస్తాం. మా వీధి చివరి కొట్టతను కందిపప్పుతోపాటు అడక్కుండా అగరొత్తుల కట్ట సంచిలో వేసి లెక్క కడితే ఊరుకుంటామా? నలుగురూ వినేలా దులిపెయ్యమూ? ఫోను విషయంలో మాత్రం నోరు రాదు. ఇలాంటి వ్యాపారపు చమత్కారాలని తప్పని చెబుతూ కేంద్రప్రభుత్వం 2023 నవంబరు 30న మార్గదర్శకాలు జారీ చేసింది. అడక్కుండా బుట్టలో వెయ్యడం, ధరని చుక్కచుక్కగా బయటపెట్టడం, వద్దంటే సిగ్గుపడేలా మాట్లాడటం వగైరా పదమూడు రకాలు అందులో ఉన్నాయి. చదువుతుంటే మా పెళ్ళిలో మగపెళ్ళివారి కోరికల జాబితా గుర్తొచ్చింది. మొదట "మాకేం వద్దండీ" అన్నవాళ్ళే వాళ్ళూను. (అత్తయ్యగారు ఈ పత్రిక చదువుతారు. ఇది మా ఆడపడుచు పెళ్ళి సంగతని సవరించుకోవాలి.)

ఇక తిండి. బయటి తిండి లోపలికి రానివ్వకపోవడం హాలువాళ్ళ హక్కేనని 2023 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరైనా జిలేబీలు తెచ్చుకుని ఆ పాకం చేతులు సీట్లకి తుడిస్తే శుభ్రం చేయించేదెవరని విచారణలో న్యాయమూర్తి అడిగారు. పిల్లలున్న తల్లిగా ఆ ప్రశ్న న్యాయంగానే తోచింది నాకు. కాని అదే తీర్పులో ఇంకో రెండు మాటలున్నాయి. శుభ్రమైన మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలి. చంటిపిల్లలకి కావలసినంత ఆహారం తల్లిదండ్రులు తీసుకెళ్ళవచ్చు. మొదటి మాట ప్రతి హాలు గుమ్మానికీ తెలుసు. తక్కిన రెండూ ఎంతమందికి తెలుసు? ఈసారి వెళ్ళినప్పుడు నీళ్ళెక్కడని గట్టిగా అడగండి. చాలాచోట్ల కుళాయి ఉంటుంది. ఎటొచ్చీ అది మరుగుదొడ్ల పక్క సందులో, ఆ చివర ఉంటుంది.

పాప్‌కార్న్ మీద పన్ను గురించి 2024 డిసెంబరులో దేశమంతా నవ్వుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఉప్పూ మసాలా వేసి విడిగా అమ్మితే 5 శాతం, అదే పొట్లం కట్టి పేరు వేస్తే 12, పంచదార పాకం పట్టిస్తే 18 అన్నారు. తరవాత 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ 12 శాతం అంతస్తే తీసేశారు. సినిమాకి మాత్రం వందలోపు టిక్కెట్టుకి 5, వంద దాటితే ఎప్పట్లాగే 18 అన్నారు. వందలోపు టిక్కెట్టు మల్టీప్లెక్సులో ఎక్కడుందో వెతికి పట్టుకున్నవాళ్ళకి నేను పాకం పట్టిన పాప్‌కార్న్ కొనిపెడతాను.

మావారి పార్టీ దగ్గరికొద్దాం. తన సరుకు తన ధర అన్నది వినడానికి బాగానే ఉంటుంది. కాని ధర పెంచుకోవలసి వచ్చినప్పుడల్లా నిర్మాతలు ప్రభుత్వం గుమ్మం ఎందుకెక్కుతున్నారు? సరుకు పూర్తిగా బజారుదయితే సచివాలయంతో పనేముంది? 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో చూడండి. హీరో హీరోయిన్లు, దర్శకుల పారితోషికాలు కాకుండా వంద కోట్లు దాటి ఖర్చయిన సినిమాకి మొదటి పది రోజులు ధర పెంచుకునే వీలిచ్చారు. అంటే ఎంత ఎక్కువ ఖర్చు పెడితే అంత ఎక్కువ అడగవచ్చునన్నమాట. ఈ సూత్రం వంటింట్లో నడిస్తే ఎంత బాగుండును! "వంకాయలు కిలో నూట ఇరవైకి తెచ్చాను, కనుక కూర రుచిగా ఉన్నట్టే, మారు మాట్లాడకుండా తినండి" అని ఒక్కరోజయినా అనగలిగామా? ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందని మొహంమీదే అంటారు.

ఆ పది రోజులన్న మాట దగ్గర కాస్త ఆగాలి. నా బాధంతా అక్కడుంది.

మా చిన్నప్పుడు తెనాలిలో సినిమా వచ్చిన మొదటి వారం కుర్రకారుది. ఆడవాళ్ళు రెండో వారమో మూడో వారమో వెళ్ళేవారు. ఒకటో తారీఖు జీతాలు రావాలి, పిల్లల పరీక్షలవ్వాలి, పక్కవీధి పిన్ని చూసొచ్చి "ఏడుపు బాగుంది, వెళ్ళొచ్చు" అని సర్టిఫికెట్టు ఇవ్వాలి. అప్పుడు మేట్నీకి, చేతిసంచిలో మరమరాలూ మంచినీళ్ళ సీసాతో, నలుగురైదుగురు కలిసి వెళ్ళేవారు. ఆ మూడో వారం మనుషుల వల్లే సినిమా యాభై రోజులూ వంద రోజులూ ఆడేది. అందుకే వాళ్ళకోసం కథ రాసేవారు. అందులో వదినలుండేవారు, అత్తలుండేవారు, అప్పులుండేవి, ఉత్తరాలుండేవి. అన్నీ గొప్ప సినిమాలని కాదు. అందులో సగం చాదస్తాలే. ఆడది ఓర్చుకుంటే అంతా బాగవుతుందని చెప్పినవే ఎక్కువ. కాని మనతో మాట్లాడుతున్నామన్న ఎరుక వాటికి ఉండేది.

ఇప్పుడు డబ్బంతా మొదటి మూడు రోజుల్లోనే రావాలి. ఆ మూడు రోజుల్లో ఎంత ధరయినా పెట్టి వచ్చేవాళ్ళెవరు? తెల్లవారుజామున ఈలలతో వచ్చే కుర్రాళ్ళు. అందుకని సినిమా వాళ్ళకోసమే తయారవుతోంది. రక్తం, గొడ్డలి, చెవులు దిబ్బెళ్ళుపడే మోత. మూడో వారం మనం తీరిక చేసుకుని వెళ్ళేసరికి హాల్లో ఆ సినిమా ఉండదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, 2025 సంక్రాంతికి 'సంక్రాంతికి వస్తున్నాం' వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ కదిలి వెళ్ళారు. అత్తయ్యగారి ఈడువాళ్ళు కూడా మెట్లెక్కి మరీ వెళ్ళారు. కథ పరమాద్భుతమని నేననను. ఆ నవ్వుల్లో కొన్ని భార్యల మీద పాతకాలపు నవ్వులే. కాని ఇంటి మనుషుల్ని పిలిచారు, వీళ్ళు వెళ్ళారు, హాళ్ళు నిండాయి. పిలిస్తే రాని జనం కారు వీళ్ళు. పిలవడమే మానేశారు.

అత్తయ్యగారి పార్టీ కూడా నన్ను పూర్తిగా ఒప్పించలేకపోతోంది. ఆవిడ అన్న రెండు రూపాయల బియ్యం నిజమే. రామారావుగారు 1982 మార్చిలో పార్టీ పెట్టి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ బియ్యంతో ఎన్ని పొయ్యిలు వెలిగాయో ఆవిడ తరంవాళ్ళకి తెలుసు. తెరమీద మనిషి బియ్యం ధర కట్టిన రాష్ట్రంలోనే, నలభై ఏళ్ళ తరవాత తెరకే బియ్యంలా ధర కట్టారు. 2021 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవోలో పల్లెటూళ్ళ ఏసీ లేని హాల్లో అడుగు తరగతి టిక్కెట్టు 5 రూపాయలు. పెద్ద నగరాల మల్టీప్లెక్సులో పై తరగతి 250. అయిదు రూపాయలు! బజ్జీ రాదు. వినగానే నాకూ సంతోషం వేసింది. కాని అదే ఏడు డిసెంబరుకల్లా చాలా హాళ్ళు మూతపడ్డాయి. కొన్ని లైసెన్సుల తనిఖీల్లో మూయించారు, కొన్ని గిట్టక యజమానులే మూసుకున్నారు. హాలు పక్కనున్న కిరాణా కొట్టుకి హాలు కంటే ఎక్కువ వసూలవుతోందని ఒక హీరో అంటే దానిమీద నాలుగు రోజులు వాదులాట. 2022 ఫిబ్రవరిలో చిరంజీవి, మహేశ్‌బాబు, ప్రభాస్, రాజమౌళి వగైరాలు తాడేపల్లి వెళ్ళి ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డిగారిని కలిశారు. నెల తిరక్కుండా కొత్త ధరలొచ్చాయి. కనిష్ఠం 20 అయింది.

తగ్గించడం తప్పా, పెంచడం తప్పా అన్నది కాదు నా గొడవ. ఆ చర్చలకి సినిమావాళ్ళ తరఫున హేమాహేమీలు వెళ్ళారు. అవతల ప్రభుత్వం కూచుంది. టిక్కెట్టు కొనేవాళ్ళ తరఫున ఎవరు కూచున్నారు? ఎవరూ లేరు. ఇంటి పద్దు రాసే మనిషిని ఒక్కసారి పిలిచి "అమ్మా, నెలకి సినిమాకి ఎంత తియ్యగలవు?" అని అడిగి ఉంటే అయిదుకీ, అయిదొందలకీ మధ్య న్యాయమైన అంకె ఆవిడ అరనిమిషంలో చెప్పేది. ఆ అంకెలో హాలువాడు బతకాలన్న లెక్క కూడా ఉండేది. కూరగాయల బండివాడితో రోజూ చేసే బేరం అదేగా. వాడు రేపు కూడా రావాలి, మన పర్సు కూడా మిగలాలి.

అంతలో టిక్కెట్లమ్మే కన్నం కూడా తమ చేతిలోనే ఉండాలని ప్రభుత్వం చట్టం సవరించింది. 2022 జూలైలో హైకోర్టు దాన్ని ఆపింది. కన్నం ఎవరిదన్నా కొనేది మనమే కనక ఆ కథ ఇంతటితో వదిలేస్తాను.

వదల్లేనిది ఇంకొకటుంది. 2024 డిసెంబరు 4 రాత్రి, హైదరాబాదు ఆర్టీసీ క్రాస్ రోడ్సులో సంధ్య థియేటరు. 'పుష్ప 2' ముందురోజు ఆట. ఆ ఆటకి మామూలు ధరమీద 800 ఎక్కువ వసూలు చేసుకోవడానికి ప్రభుత్వమే అనుమతిచ్చింది. పన్నుతో కలిపి టిక్కెట్టు వెయ్యి దాటింది. అంత ధర పెట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని, భర్తతో కలిసి వచ్చిన ఒక ఇల్లాలు ఆ తొక్కిసలాటలో ప్రాణం పోగొట్టుకుంది. కొడుకు చావుబతుకుల్లో ఆసుపత్రి పాలయ్యాడు. మర్నాటి నుంచి పెద్ద గొడవ. హీరో రావడం తప్పా, పోలీసులది తప్పా, హాలుదా అని. అరెస్టులు, బెయిళ్ళు, శాసనసభలో ప్రసంగాలు. ఇకమీద ముందు ఆటలూ ఉండవు, ధరల పెంపూ ఉండదని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిగారు డిసెంబరు 21న సభలో చెప్పారు. జనవరి 8న ఇంకో పెద్ద సినిమాకి పెంపు ఇచ్చేశారు. హైకోర్టు కోప్పడ్డాక, రెండు మూడు రోజుల్లో మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. ఆవిడ పోయి అప్పటికి అయిదు వారాలు.

నాకా గొడవలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. పసివాళ్ళని తీసుకుని ఆ రాత్రి, ఆ గుంపులోకి, అంత ధరకి ఎందుకు వెళ్ళారని కొందరు నిష్ఠూరంగా అన్నారు. నలుగురు ఆడవాళ్ళు కూడా అనగా విన్నాను. పిల్లవాడు ముచ్చటపడ్డాడు, తీసుకెళ్ళారు. మనం తీసుకెళ్ళమా? జాతరకి తీసుకెళ్ళమా, పుష్కరాలకి తీసుకెళ్ళమా? ముందురోజు రాత్రే చూస్తే గొప్ప అని పిల్లల బుర్రల్లోకి ఎక్కించి, ఆ గొప్పకి వెయ్యి రూపాయల చీటీ అంటించి, దానిమీద సర్కారు ముద్ర వేసి, చివరికి ఎందుకు వెళ్ళావమ్మా అని చచ్చిపోయిన మనిషిని అడగడం ఏం న్యాయం?

ఇక మిగిలింది మా అబ్బాయి పార్టీ. ఫోన్లో వస్తుందిగా అన్నది. వస్తుంది, కాదనను. 2016 సెప్టెంబరులో జియో వచ్చి, డేటా నీళ్ళలా పారించినప్పటి నుంచీ సినిమా అరచేతిలోకి వచ్చేసింది. 2020లో హాళ్ళు మూసిన రోజుల్లో నాని సినిమా 'వి' నేరుగా ఇంటికే వచ్చింది. అత్తయ్యగారు మంచంమీంచి లేవకుండా చూశారు. ఆ వ్యాపారం పద్ధతి కూడా తెలిసిందే. మొదట ఉచితం, తరవాత చవక, అలవాటయ్యాక ధర. అమెజాన్ ప్రైమ్‌వారు 2025 జూన్ నుంచి సినిమాల మధ్యలో ప్రకటనలు పెట్టారు. అవి వద్దంటే విడిగా ఇంకొంత కట్టమన్నారు. మన డబ్బుతో చందా కట్టి, మళ్ళీ డబ్బు కట్టకపోతే సబ్బుల ప్రకటన చూడాలి. ముప్పావలా కోడిపిల్లకి మూడు రూపాయల దిష్టి అంటే ఇదే కాబోలు.

అయినా ధర సంగతి పక్కన పెట్టండి. నేను ఇంట్లో సినిమా ఎలా చూస్తానో చెబుతాను. పేర్లు పడుతుంటే కుక్కరు మూడో కూత కూస్తుంది. లేచి వెళతాను. తిరిగొచ్చేసరికి హీరోయిను ఎందుకో ఏడుస్తూంటుంది. ఎందుకని అడిగితే "ష్, తరవాత చెబుతా" అంటారు. ఎవరూ చెప్పరు. చిక్కుడుకాయలు ఒలుస్తూ ఇంకో పది నిమిషాలు. కొరియరు. "అమ్మా, నా నీలం చొక్కా?" "ఏమోయ్, కాస్త కాఫీ." మావారు పాపం మంచివారు, నేను లేచినప్పుడు ఆపుతానంటారు. ఆపి, రెండు నిమిషాలకి విసుగొచ్చి మళ్ళీ నొక్కేస్తారు. 'సీతా రామం' నేను అలా నాలుగు రోజులపాటు, ఏడు విడతల్లో చూశాను. బాగుందనే అనుకుంటున్నాను.

సినిమా ఇంటికి వచ్చింది. వంటిల్లు మాత్రం ఎక్కడికీ పోలేదు.

హాల్లో నేను కొనుక్కునేది ఒక్క సినిమానే కాదు. మూడు గంటలపాటు నన్నెవరూ పిలవలేని చీకటి కొనుక్కుంటాను. అక్కడ కుక్కరు లేదు, తలుపు గంట లేదు. అందరూ నాతోబాటే, నా పక్కనే, నాలాగే కూచుని ఉంటారు. కాఫీ అడిగేవాళ్ళు లేరు, అడిగినా నేను చెయ్యలేను. మా అమ్మ మేట్నీకి వెళ్ళే రోజు పొద్దుటినుంచీ ఎందుకంత హుషారుగా ఉండేదో, పన్నెండింటికల్లా వంటిల్లు కడిగేసి మల్లెపూలు ఎందుకు పెట్టుకునేదో నాకు పెళ్ళయి పదేళ్ళకి గాని అర్థం కాలేదు. ఆవిడకి సినిమా సగం మిష మాత్రమే.

నిర్మాత లెక్కలో ఆ చీకటి లేదు. ప్రభుత్వం జీవోలో లేదు. యాప్‌వాడి రుసుములో అసలే లేదు. దాన్నలా ఉంచి ధర పెంచుకుంటూ పోతే ఏం జరుగుతుందో మన ఇళ్ళల్లో చూస్తున్నాం. అయిదుగురు వెళ్ళలేకపోతే నలుగురు వెళతారు. ఆ తగ్గే ఒక్కరు ఎవరో ఇంట్లో చర్చ జరగదు, ఓటింగు జరగదు. "మీరు వెళ్ళిరండి, నాకు కాస్త తలనొప్పిగా ఉంది" అని ఒక గొంతు వినిపిస్తుంది. తలనొప్పి నిజమని అందరూ నమ్ముతారు. నేను కిందటేడు రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ తలనొప్పి లేదు. రెండోసారి మా అమ్మాయి వెళుతూ గుమ్మంలో ఆగి ఓసారి వెనక్కి చూసింది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఈ మాట అనడం అది కూడా నేర్చుకుంటుందేమోనని భయం వేసింది నాకు.

అందుకే ఈమధ్య ఒక పని చేశాం. పైవాటాలో పిన్నిగారు, ఎదురింటి బ్యాంకు ఉద్యోగం చేసే అమ్మాయి, అత్తయ్యగారు, నేను, నలుగురం. మంగళవారం. ఆ అమ్మాయి సెలవు పెట్టింది. మల్టీప్లెక్సు కాదు, పాత రోడ్డుమీద ఒంటి తెర హాలు. ఫోన్లో కాకుండా కౌంటరు దగ్గరికే వెళ్ళాం. కన్నంలో కుర్రాడు ఆశ్చర్యపోయాడు. "ఆన్‌లైన్లో చేసుకోవచ్చు కదమ్మా" అన్నాడు. "మాకు చెయ్యి దూర్చడం అలవాటు నాయనా" అన్నారు అత్తయ్యగారు. టిక్కెట్టు 175, నలుగురికి 700, పైన పైసా లేదు. మరమరాలు గుమ్మం దగ్గర పట్టుకుని పక్కన పెట్టారు. నీళ్ళెక్కడని అడిగితే చూపించారు. ఊహించినట్టే సందు చివర.

సినిమా మామూలుగా ఉంది. పిన్నిగారికి నచ్చలేదు. అత్తయ్యగారు మాత్రం హీరో తల్లి కష్టాలకి కళ్ళు తుడుచుకున్నారు. ఇంటర్వెల్లో ఫోను తీసి చూస్తే మావారి కాల్స్ మూడు, మెసేజి ఒకటి. "పోపు డబ్బా ఎక్కడ?" రెండో అరలో, కుడిపక్కన అని రాశాను. ఇంకేదో అడగబోతున్నట్టు కింద చుక్కలు కదిలాయి. లోపల బెల్లు కొట్టారు. ఫోను సంచి అడుక్కి తోసేసి లేచాను.